నేల మీద పడ్డది ఎవరిది?

"ఉన్న గుప్పెడు పిండీ ఆ కుండలో పోసేశారా అత్తయ్యా?"

ప్రొయెక్త ముసలమ్మ తలెత్తలేదు. కుండను ఒళ్ళో పెట్టుకుని చెక్క గరిటెతో నెమ్మదిగా కలుపుతోంది.

"మిమ్మల్నే అడుగుతున్నాను."

"వినబడుతోందే గౌదియోసా. దీనికి మాత్రం ఆకలెయ్యదా?"

"దీనికా ఆకలి? మరి మాకో?"

కుండలో ఉన్నది తోడుపిండి. రేపటి రొట్టె పొంగాలంటే ఇవాళ్టి ముద్దలో కాస్త మిగల్చాలి. మిగిల్చిన ముద్దకు రోజూ ఇంత కొత్త పిండి పడాలి, లేకపోతే చచ్చిపోతుంది. ముసలమ్మ అత్తగారికి వాళ్ళ అత్తగారి నుంచి వచ్చిన ముద్ద అది. మా పేటలో రొట్టెల బట్టీవాళ్ళు ఒట్టు వెయ్యాల్సివస్తే చర్చి గుమ్మం దాకా పోరు, ఆ కుండ మీద చెయ్యి పెడతారు. ముసలమ్మ కొడుకు ఉర్సుస్ బట్టీ రొట్టెకున్న పులుపు రోము నగరం మొత్తంలో ఇంకెక్కడా లేదని ఆవెంటీన్ కొండ మీద ఎవర్నడిగినా చెప్పేవాళ్ళు. ఆఫ్రికా నుంచి గోధుమ ఓడలు మానేశాక ఆ మాట చెప్పేవాళ్ళూ లేరు, వినేవాళ్ళూ లేరు. సగం పేట ఊరొదిలి పోయింది.

"సాయంత్రం దొనాతుస్ గారు వస్తున్నారు," అంది గౌదియోస. "బట్టీల సంఘం పెద్ద. పిల్ల పెళ్ళి మాట ఖాయం చెయ్యడానికి వస్తున్న మనిషి. ఆ పిండితో రెండు పల్చటి రొట్టెలైనా కాల్చి ఆయన ముందు పెడదామనుకున్నాను. ఇప్పుడేం పెట్టను? ఆ గబ్బు ముద్దా?"

"గబ్బనకు. నీ పెళ్ళి రొట్టె ఈ ముద్దతోనే కాల్చాను."

"కాల్చడమేంటి, మాడ్చారు."

"మాడ్చింది నేను కాదు, నీ మొగుడు. నిన్ను చూస్తూ పొయ్యి సంగతి మర్చిపోయాడు."

గౌదియోసకు నవ్వు రాబోయింది. ఇప్పుడు నవ్వితే కోపం చల్లారిపోతుందని పళ్ళు బిగబట్టి, వంగి కుండ పట్టుకుంది. "ఇటివ్వండి. ఉన్నదేదో కాల్చేస్తాను."

"ఇవ్వను."

"పంతాలొద్దు అత్తయ్యా."

"పంతం నాదా నీదా?"

అటొకరు ఇటొకరు లాగారు. కుండ పగల్లేదు గానీ ఒరిగింది. ముద్ద జారి నేల మీద పడింది.

ఇద్దరూ చేతులు వదిలేశారు.

మేమందరం చర్చికి పోయేవాళ్ళమే. పాత దేవుళ్ళ పేరెత్తొద్దని గురువుగారు చెబితే ఎత్తడం మానేశాం. కానీ తినే వస్తువు నేల మీద పడితే మాత్రం ఇప్పటికీ చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. నేల మీద పడ్డది ఆ ఇంట్లో పోయినవాళ్ళది. దాన్ని ఊడవకూడదు, నోట్లో పెట్టుకోకూడదు.

"పైపైన తీస్తే మట్టి అంటదు," అంది గౌదియోస మోకాళ్ళ మీద కూర్చుంటూ.

"ముట్టుకోకు. అది మీ మామగారిదైపోయింది."

"ఆయనకి ఆకలెయ్యదు అత్తయ్యా. మనకే వేస్తుంది."

"బతికున్నన్నాళ్ళూ నువ్వేం పెడితే అది తిన్నాడు. ఒక్క రోజూ వంక పెట్టలేదు. ఇవాళ ఒక్క ముద్ద ఆయన్ని ఉంచుకోనివ్వు."

గౌదియోస కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ముసలమ్మ పిండి అంటిన చేత్తోనే కోడలి తల నిమిరింది. కోడలి నల్లటి జుట్టులో తెల్లటి చారలు పడ్డాయి.

అప్పుడొచ్చాడు ఉర్సుస్, ఖాళీ సంచీ భుజాన వేసుకుని. పొద్దున్నే ధాన్యపు కొట్ల దగ్గరికి పోయి, మధ్యాహ్నం దాకా వరసలో నిలబడి వచ్చాడు.

"ఇవాళా లేవన్నారు."

నేల మీద ముద్దనూ పెళ్ళాం మొహాన్నీ చూసి అతనికి సంగతి అర్థమైంది. మాట మార్చడానికి, "రవెన్నాలో కొత్త చక్రవర్తట," అన్నాడు.

"మళ్ళీనా? చౌకులో విగ్రహానికి పాతాయన తలే ఇంకా పెట్టలేదు," అంది ముసలమ్మ.

"తలలు చెక్కేవాళ్ళు ఊళ్ళో లేరమ్మా. ఈయన మొండెంతో సరిపెట్టుకోవాలి."

"నవ్వులకేం తక్కువ లేదు," గౌదియోస లేచింది. "సాయంత్రం ఆ తోటపిల్లాణ్ణి అల్లుడిగా తెచ్చి ఈ చల్లారిన పొయ్యికి కట్టేస్తావన్నమాట."

"నేను కట్టేస్తానా? శాసనం కట్టేస్తుంది."

అదీ నిజమే. రొట్టెల బట్టీ పిల్లను చేసుకున్నవాడు ఇల్లరికం రావలసిందే. ఇది మామ పెట్టిన షరతు కాదు, చక్రవర్తి శాసనం. నగరానికి రొట్టె ఆగకూడదని ఎప్పుడో రాశారు. వచ్చినవాడు ఇక బతికున్నంత కాలం బట్టీ వదలకూడదు, వేరే పని చెయ్యకూడదు, ఊరు దాటకూడదు. అతని పిల్లలూ అంతే. ఉర్సుస్ తమ్ముడు ఒకసారి నేపుల్స్ దాకా పారిపోతే, చేతులకు తాడు కట్టి నడిపించుకొచ్చారు. గోధుమలు పోయాయి గానీ శాసనం ఎక్కడికీ పోలేదు.

"వసంతంలో గాలివానలు తగ్గి సముద్రం తెరుచుకుంటుంది. ఓడలొస్తాయి," అన్నాడు ఉర్సుస్. "రెండు చేతులు తోడుంటే మళ్ళీ నిలబెట్టుకోవచ్చు. మనకు కొడుకులు లేరు కదా."

"ఏ ఓడలయ్యా? ఆ ఓడలు బయల్దేరే కార్తేజి వాండలుల చేతికి పోయి ఎన్నాళ్ళైంది? ఆ పిల్లాడికి తోట ఉంది, చేను ఉంది. మన పిల్లని తీసుకెళితే అక్కడ ఇంత గంజైనా తాగుతుంది. అది ఆలోచించవేం?"

"ఆలోచించి ఏం చెయ్యనే?"

"ఏం చేస్తావు. కూతురు పుట్టిననాడు నేల మీంచి ఎత్తుకోవడానికే తీరిక లేకపోయిన మనిషివి."

ఆ ఇంట్లో ఏ గొడవైనా చివరికి వచ్చి ఆగేది అక్కడే. బిడ్డ పుట్టగానే మంత్రసాని నేల మీద పడుకోబెడుతుంది. తండ్రి వంగి ఎత్తుకుంటే ఆ బిడ్డ అతనిది, ఆ ఇంటిది. సెవేర పుట్టిననాడు రేవుకు ఓడలొచ్చాయి. పొయ్యిలన్నీ నిండుగా ఉన్నాయి. ఉర్సుస్ ఇదిగో వస్తున్నా, అదిగో వస్తున్నా అంటూ రాలేకపోయాడు. పసిగుడ్డు చలి నేల మీద ఏడ్చి ఏడ్చి నీలంగా అయిపోతుంటే చూడలేక ప్రొయెక్తే ఎత్తుకుంది. ఈ కథ పేటలో అందరికీ తెలుసు. ఉర్సుస్‌ని ఆటపట్టించాలనుకున్న ప్రతివాడూ దాన్నే వాడుకుంటాడు. అతను ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఇవాళ కూడా సంచీ మడిచి వంకెకు తగిలించి, పొయ్యి గదిలోకి పోయాడు.

సెవేర అక్కడే ఉంది. గొడవంతా గోడ ఇవతలి నుంచి విన్నది. తండ్రి ద్రాక్షపుల్లలు విరిచి ఖాళీ పొయ్యిలో వేస్తుంటే, పక్కన కూర్చుని తనూ విరవడం మొదలుపెట్టింది.

"లోపల ఏమీ లేదుగా. ఎందుకు నాన్నా మంట?"

"చల్లారితే ఇటుక పగులుతుందమ్మా."

"పుల్లలు వితాలిస్ తెచ్చినవేనా?"

"ఆఁ. బాగా మండుతాయి. పిల్లాడు కూడా మంచివాడే."

"సాయంత్రం దొనాతుస్ గారితో నేను వద్దని చెబుతాను."

ఉర్సుస్ చేతిలో పుల్ల విరక్కుండా ఆగింది. "నచ్చలేదా?"

"నచ్చాడు. అందుకే."

"మరి వాడు ఒప్పుకున్నాడు కదా."

"ఒప్పుకోక? పిచ్చిమాలోకం. దూకమంటే టైబరులో దూకుతాడు. తీగలు కత్తిరించేటప్పుడు వాటితో మాట్లాడతాడు నాన్నా, నొప్పి పెట్టిందా అని. అలాంటివాణ్ణి తెచ్చి ఈ పొగలో కూర్చోబెట్టనా? వాళ్ళమ్మ నేపెతే ఊళ్ళో ఒక్కతే ఉంది. కొడుకు మళ్ళీ కనబడడని తెలిసే పంపిస్తోందట. ఆవిడ ఉసురు నాకెందుకు?"

"మరి నువ్వు?"

"నేనేముంది, ఇక్కడే ఉంటాను. నువ్వు ఖాళీ పొయ్యిలో పుల్లలు పెడుతుంటే విరిచిస్తాను."

ఆ మాట నవ్వుతూనే అంది. ఉర్సుస్ కూతురి చేతుల వైపు చూశాడు. మణికట్టు ఎముకలు బయటికి పొడుచుకొచ్చాయి. ఎప్పటినుంచి ఇలా ఉన్నాయో తను చూసుకోలేదు. పొగ కళ్ళలో పడిందని చెప్పి మొహం తిప్పుకున్నాడు.

ఎండ ఇంకా ఉండగానే వితాలిస్ వచ్చాడు. పొడుగాటి మనిషి, గుమ్మంలో తల తగలకుండా వంగడం ఇప్పటికీ అలవాటు కాలేదు. తల రుద్దుకుంటూ ముసలమ్మ ముందు ఒక మూట పెట్టాడు.

"చెస్ట్‌నట్ కాయలు నాయనమ్మా. అమ్మ పంపింది."

"గుమ్మాన్ని పగలగొట్టేస్తావేమయ్యా అల్లుడూ. ఉన్నది ఆ ఒక్క గుమ్మమే."

"ఇక రోజూ ఇక్కడే కదా. అలవాటైపోతుంది."

"ఏదీ, చేతులు చూపించు." అతను చాపాడు. ముసలమ్మ వాటిని తిప్పి చూసింది. వేళ్ళ సందుల్లో నల్లటి మట్టి, గోళ్ళ కింద తీగ జిగురు. "ఇవి పిండి పిసికే చేతులు కావురా నాయనా. పిండి నల్లబడిపోతుంది."

"కడుక్కుంటాను నాయనమ్మా. నేర్చుకుంటాను."

"దేన్ని పిసికి నేర్చుకుంటావు, మట్టినా?" అంది సెవేర లోపల్నుంచి. "వెళ్ళిపో వితాలిస్. పొద్దుండగానే ఊరి గేటు దాటు."

"చెప్పాల్సింది దొనాతుస్ గారికి కదా. ఆయన వచ్చాక చెప్పు. అప్పటిదాకా కూర్చుంటాను," అని అతను గుమ్మం పక్కనే నేల మీద చతికిలబడి కాయలు ఒలవడం మొదలుపెట్టాడు. గౌదియోస అతని ముందు ఒక గిన్నె పెట్టి, తనూ ఒలిచింది. మొదటి గింజ అతని నోట్లోనే పెట్టింది.

ప్రొయెక్త లేచి, నేల మీద ముద్దను రెండు చేతులతో జాగ్రత్తగా తీసి కుండలో వేసింది. మట్టీ, ఒక గడ్డిపరకా అంటుకుని వచ్చాయి. కుండ పట్టుకుని పొయ్యి గదిలోకి వెళ్ళి, "నువ్వు అమ్మ దగ్గరికి పో," అని సెవేరను పంపేసింది.

"అదేంటమ్మా, నేల మీద పడ్డదాన్ని తీశావు?" అన్నాడు ఉర్సుస్.

"మీ నాన్ననడిగే తీశాను. ఒరేయ్, ఇటు విను. దొనాతుస్ మొట్టమొదట ఏమడుగుతాడు?"

"ఈ పిల్ల నీదేనా అని. ఎప్పుడూ అడిగేదే."

"కాదని చెప్పు."

ఉర్సుస్‌కి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది.

"నువ్వు ఎత్తుకోలేదు. పేటంతా ఎరుగుదురు. ఎత్తుకోని బిడ్డ నీ బిడ్డ కాదు, నీ బిడ్డ కాకపోతే బట్టీ పిల్లా కాదు. దాన్ని ఎవడు చేసుకున్నా శాసనం వాడి జోలికి రాదు. ఇన్నాళ్ళూ నీ పెళ్ళాం దెప్పిందే, ఆ దెప్పుడే ఇవాళ దాన్ని ఊరు దాటిస్తుంది."

"ఒట్టు వెయ్యమంటాడమ్మా. కుండ మీద."

"వెయ్యి. ఇందులో ఉన్నది బట్టీ పిండి కాదు. నేల మీద పడింది, పోయినవాళ్ళదైపోయింది. దీని మీద వేసిన ఒట్టు ఒట్టు కాదు. మీ నాన్న ఏమీ అనుకోడు."

ఉర్సుస్ ఒక పుల్ల విరిచి మంటలో వేశాడు.

"అమ్మా, నీ పేరుకర్థమేంటి?"

"ఎందుకు అడుగుతావు, నీకు తెలియదా? పారేసిన పిల్ల అని. ఈ గుమ్మంలోనే వదిలేసి పోయాడు నన్ను కన్నవాడు. ఏరుకొచ్చి పెంచి కొడుక్కి చేసుకుంది మా అత్త."

"చిన్నప్పుడు నాకు రొట్టె పెడుతూ కూడా వాణ్ణి తిట్టేదానివి. ఎలా పారేశాడో, చేతులెలా వచ్చాయో అని. ఇప్పుడు నన్ను అదే పని చెయ్యమంటున్నావా?"

ముసలమ్మ కొడుకు పక్కనే నెమ్మదిగా చతికిలబడింది.

"వాడు ఎలా పారేశాడో నాకు ఇవాళే తెలిసిందిరా," అంది. "రొట్టె వాసన వచ్చే గుమ్మం చూసి మరీ పెట్టాడు."

గోడ అవతల చెస్ట్‌నట్ కాయలు పగులుతున్న చప్పుడు ఆగిపోయింది. గౌదియోస గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి వింటోందో తెలియదు. ఆమె లోపలికీ రాలేదు, వద్దనీ అనలేదు.

దొనాతుస్ పొద్దు వాలుతుండగా వచ్చాడు. ఆయనా ఒకప్పుడు బట్టీ నడిపినవాడే. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. ఒలిచిన కాయలు రెండు నోట్లో వేసుకుని, బాగున్నాయమ్మా అని గౌదియోసతో అని, బల్ల మీద కూర్చున్నాడు. సెవేర చెప్పాలనుకున్న మాట గొంతులోనే పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. వితాలిస్ లేచి నిలబడ్డాడు.

"సరే, అడగాల్సింది అడగాలి కదా. ఉర్సుస్, ఈ పిల్ల నీ కూతురేనా?" జవాబు తెలిసిన ప్రశ్నే కాబట్టి ఆయన అడుగుతూనే వితాలిస్ వైపు తిరిగాడు. "నీ పేరేంటబ్బాయ్..."

"కాదు," అన్నాడు ఉర్సుస్.

దొనాతుస్ వెనక్కి తిరిగాడు. "ఏమిటి?"

"నా కూతురు కాదు. పుట్టినప్పుడు నేను ఎత్తుకోలేదు. నీకూ తెలుసు."

"దీనికి పేరు పెట్టిననాడు నీ ఇంట్లో భోంచేశానయ్యా నేను."

"భోజనం పెట్టాను. ఎత్తుకోలేదు."

దొనాతుస్ నోట్లో కాయ నమలడం మానేశాడు. వితాలిస్‌ని చూశాడు, నిండుగా ఉన్న చెస్ట్‌నట్ గిన్నెను చూశాడు, సెవేర మణికట్లను చూశాడు.

"ఉర్సుస్, ఆలోచించుకో," అన్నాడు నెమ్మదిగా. "ఈ మాట నేను సంఘంలో చెబితే ఇక తిరుగులేదు. పిల్ల ఎవర్ని చేసుకున్నా, ఎక్కడికి పోయినా అడిగే దిక్కుండదు. నిజమే. కానీ మళ్ళీ నీ గుమ్మం తొక్కకూడదు. నిన్ను నాన్నా అని పిలవకూడదు. రేపు నువ్వు పోతే నీ తలదగ్గర దీపం పెట్టడానికి కూడా రాకూడదు."

"తెలుసు."

"అయితే కుండ తెప్పించు."

ప్రొయెక్త తనే తెచ్చి బల్ల మీద పెట్టింది. దొనాతుస్ మూత తీశాడు. చాలాసేపు లోపలికి చూశాడు.

"ముద్దలో మట్టి ఉంది," అన్నాడు.

"ఉంది," అంది ముసలమ్మ.

"గడ్డిపరక కూడా."

"అదీ ఉంది."

ఇద్దరు ముసలివాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దొనాతుస్ గడ్డిపరకను రెండు వేళ్ళతో తీసి, నలిపి, కింద పడెయ్యకుండా తన నడికట్టులో దోపుకున్నాడు.

"నా కళ్ళు మసకలే," అన్నాడు. "చెయ్యి పెట్టు ఉర్సుస్."

ఉర్సుస్ చెయ్యి పెట్టాడు. ఈ పిల్ల నాది కాదు అని నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. చెయ్యి తీశాక, వేళ్ళకంటిన పిండిని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే గాల్లో ఉంచుకున్నాడు.

వితాలిస్‌కి అప్పటికి విషయం ఎక్కింది. "మామా," అని ఒకడుగు ముందుకేశాడు. ఆ పిలుపు ఇక పనికిరాదని తెలిసి ఆగిపోయాడు.

"నీ వంతు ఇక," దొనాతుస్ సెవేర వైపు తిరిగాడు. "ఈయన నాకేమీ కాడని నువ్వూ ఒక్క మాట అనాలమ్మా. అనేసి పద, మీ ఇద్దర్నీ గేటు దాకా నేనే దించుతాను."

సెవేర గోడ వదిలి వచ్చింది. ఏడవడం లేదు. తండ్రి మొహంలోకి చూస్తే అతను చూపు దించుకున్నాడు. ఆమె అతన్ని దాటి వెళ్ళి, మధ్యాహ్నం ముద్ద పడ్డచోట, పిండి మరక ఇంకా తెల్లగా ఉన్నచోట, చలి నేల మీద కూర్చుంది.

"అప్పుడంటే ఓడలొచ్చాయి, తీరిక లేదు," అంది. "ఇప్పుడు తీరికే కదా నాన్నా."

రెండు చేతులూ పైకి చాపింది.

దొనాతుస్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఎత్తుకుంటే పిల్ల మళ్ళీ బట్టీదే. ఉర్సుస్ చేతులు వాటంతటవే కదిలాయి. అతను వాటిని లాక్కుని వీపు వెనక్కి కట్టేసుకున్నాడు.

వెనక గౌదియోస ఉంది. ఎత్తుకోలేదని ఇన్నేళ్ళూ అతన్ని దెప్పిన మనిషి, పిండి అంటిన ఆ రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది. ఆపడానికి పట్టుకుందో, ముందుకు నెట్టడానికి పట్టుకుందో ఆమెకే తెలియలేదు.

సెవేర చేతులు దించలేదు.